ప్లాన్ పెంచే ముందు ఇంట్లోని పెట్టెలను ఒకసారి చూడండి



"నెట్ రాలేదు మేడమ్, అందుకే అప్‌లోడ్ చేయలేదు." హోంవర్క్ యాప్‌లోకి వచ్చాక టీచర్లందరం తరచూ వినే మాట ఇది. కొన్నిసార్లు అది నిజం, కొన్నిసార్లు సాకు. ఏది ఏదో తేల్చుకోవడం మాకే కాదు, ఇంట్లో ఉన్న మీకు కూడా కష్టమే. నెట్ స్లో అనగానే చాలామంది తల్లిదండ్రులు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి 50 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 100కో 200కో పెంచుతారు. నెల బిల్లు పెరుగుతుంది, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కూడా. అయినా పిల్లవాడి గదిలో వీడియో మధ్యలో ఆగి గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది.

ఎందుకంటే వీధి స్తంభం నుంచి పిల్లవాడి టేబుల్ వరకు నెట్ నాలుగైదు వస్తువుల గుండా వస్తుంది. వాటిలో ఏది బలహీనంగా ఉంటే మిగతా అన్నింటి వేగం అక్కడికే పరిమితం. పెద్ద ట్యాంకు కట్టించినా కుళాయికి సన్న పైపు ఉంటే నీళ్లు సన్నగానే వస్తాయి కదా. ఆ వస్తువులేంటో, ఏ పని చేస్తాయో, లోపం ఎక్కడుందో పిల్లలతో కలిసి ఎలా కనిపెట్టాలో ఈ నెల వ్యాసంలో చూద్దాం.

గాజు దారంలో వెలుగు

పాత టెలిఫోన్ నెట్ రాగి తీగలో కరెంటు రూపంలో వచ్చేది. ఫైబర్‌లో వచ్చేది వెలుగు. ఫైబర్ అంటే అతి శుద్ధమైన గాజు దారం. దాని లోపలి భాగాన్ని కోర్ అంటారు, మందం సుమారు 9 మైక్రాన్లు. దాని చుట్టూ ఇంకో రకం గాజు పొర ఉంటుంది, దాన్ని క్లాడింగ్ అంటారు. రెండూ కలిపి 125 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం దాదాపు 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుందనుకుంటే, ఈ దారం ఎంత సన్ననిదో ఊహించుకోవచ్చు.

ఫిజిక్స్‌లో పిల్లలు సంపూర్ణాంతర పరావర్తనం చదువుతారు. సాంద్రతర యానకం నుంచి విరళ యానకంలోకి వెళ్లబోయే కిరణం, సందిగ్ధ కోణం కంటే ఎక్కువ కోణంలో తగిలితే బయటికి పోకుండా మొత్తంగా వెనక్కి వస్తుంది. కోర్, క్లాడింగ్ మధ్య జరిగేది ఇదే. వెలుగు కోర్‌లోనే ఉండిపోయి కిలోమీటర్ల దూరం పోతుంది. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండన్‌లో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి గాజు దారాల కట్ట ద్వారా బొమ్మను పంపి చూపించి, ఆ పరిశోధనను 1954లో ప్రచురించారు. శుద్ధమైన గాజు ఉంటే ఇలాగే దూర ప్రాంతాలకు సమాచారం పంపవచ్చని 1966లో చార్ల్స్ కావ్ లెక్కగట్టి చెప్పారు. ఆ కృషికి ఆయనకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. కపానీకి మన ప్రభుత్వం 2021లో, ఆయన మరణానంతరం, పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఈ పాఠం తెలిస్తే ఇంట్లో ఒక జాగ్రత్త వెంటనే అర్థమవుతుంది. దారాన్ని బాగా వంచితే వెలుగు తగిలే కోణం మారిపోతుంది, కొంత వెలుగు బయటికి కారిపోతుంది. నెట్ నెమ్మదిస్తుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది. మిగిలిన ఫైబర్ తీగను చుట్టి పెట్టేటప్పుడు ఆ చుట్ట చేతి గాజు కంటే చిన్నగా ఉండకుండా చూసుకోండి. తలుపు సందులో నలగనివ్వకండి, దాని మీద మేకులు కొట్టకండి.

ఇంటి బయట ఏముంది?

కంపెనీ ఆఫీసులో గానీ, మీ ప్రాంతపు కేబుల్ ఆపరేటర్ దగ్గర గానీ ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. అక్కడి నుంచి ఒక గాజు దారం మీ కాలనీకి వస్తుంది. స్తంభం మీదో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో ఉండే చిన్న డబ్బాలో స్ప్లిటర్ ఉంటుంది. అది ఒక దారంలోని వెలుగును 8, 16, 32 ఇళ్లకు పంచుతుంది. స్ప్లిటర్‌కు కరెంటు అవసరం లేదు.

మన దగ్గర ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో కిందికి వచ్చే మొత్తం వేగం సుమారు 2.5 గిగాబిట్లు, పైకి వెళ్లేది సుమారు 1.25 గిగాబిట్లు. ఆ దారం మీద ఉన్న ఇళ్లన్నీ దీన్నే పంచుకుంటాయి. వచ్చేదీ పోయేదీ ఒకే దారంలో. ఢీకొనవా అని పిల్లలు అడుగుతారు. రెండింటికీ వేర్వేరు తరంగదైర్ఘ్యాలు: కిందికి 1490 నానోమీటర్లు, పైకి 1310 నానోమీటర్లు. ఓఎల్‌టీ చెప్పేది క్లాసులో టీచర్ చెప్పినట్టు అన్ని ఇళ్లకూ వెళ్తుంది, ఎవరి పెట్టె వాళ్ల సమాచారాన్నే తీసుకుంటుంది. ఇళ్లు జవాబు చెప్పేటప్పుడు మాత్రం రోల్ నంబర్ పిలిచినట్టు ఒక్కొక్కరికి ఒక్కో క్షణం వస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఫైబర్ సెల్లార్ వరకే వస్తుంది. అక్కడి స్విచ్ నుంచి ఫ్లాట్లకు మామూలు రాగి లాన్ కేబుల్ వేస్తారు. ప్లాన్ పేరులో ఫైబర్ ఉన్నా మీ ఇంట్లోకి వచ్చేది రాగి తీగే. అది తప్పేమీ కాదు, కానీ కరెంటు పోయినప్పుడు తేడా తెలుస్తుంది. దాని గురించి కింద చెప్తాను.

ఇంటి లోపలి వస్తువులు

గోడ డబ్బా: బయటి నుంచి వచ్చిన ఫైబర్ తీగ ఆగే చిన్న తెల్ల డబ్బా. లోపల అతుకు ఉంటుంది. దీన్ని ఇంట్లో ఎవరూ తెరవకూడదు.

ప్యాచ్ కార్డ్: డబ్బా నుంచి పెట్టెకు వెళ్లే సన్నని, సాధారణంగా పసుపు లేదా తెలుపు రంగు తీగ. చివర ఎక్కువగా ఆకుపచ్చ కనెక్టర్ ఉంటుంది. ఆకుపచ్చ అంటే గాజు కొనను 8 డిగ్రీల వాలుతో నునుపు చేశారని అర్థం. నీలం రంగు కనెక్టర్‌కు ఆ వాలు ఉండదు. ఆకుపచ్చను నీలంతో కలిపితే వెలుగు సరిగా అందదు. కొత్త ప్యాచ్ కార్డ్ కొనాల్సి వస్తే పాతదాని రంగు చూసి అదే తీసుకోండి. ఊడదీసిన కొనను వేలితో తాకవద్దు, జిడ్డు అంటుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ కొనలోకి కన్ను పెట్టి చూడకూడదు. అందులో వచ్చేది కంటికి కనిపించని లేజర్ వెలుగు. చిన్న పిల్లలకు ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఓఎన్‌టీ: వెలుగును కరెంటు సంకేతంగా మార్చే పెట్టె. కొందరు ఓఎన్‌యూ అంటారు, ఇళ్లలో ఎక్కువమంది మోడెమ్ అనే పిలుస్తారు. ఫైబర్ కనెక్షన్‌కు ఇది తప్పనిసరి. ఇది మీ కంపెనీ ఓఎల్‌టీలో నమోదై ఉండాలి కాబట్టి, బజారులో ఏదో ఒకటి కొనుక్కొచ్చి తగిలిస్తే పనిచేయదు.

రౌటర్: ఒక కనెక్షన్‌ను ఇంట్లోని ఫోన్లు, లాప్‌టాప్‌లు, టీవీకి పంచే పెట్టె. వైఫై ఇచ్చేది ఇదే. ఇప్పుడు చాలా కంపెనీలు ఓఎన్‌టీ, రౌటర్ రెండూ కలిపి ఒకే పెట్టెగా ఇస్తున్నాయి. ఫైబర్ తీగ నేరుగా వెళ్లే పెట్టే మీ వైఫై కూడా ఇస్తుంటే మీది ఆ రకం అని గుర్తు.

రౌటర్‌లో చూడాల్సినవి రెండు. మొదటిది, బ్యాండ్. సింగిల్ బ్యాండ్ అంటే 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. దూరం పోతుంది, గోడలు కొంతవరకు దాటుతుంది, కానీ వేగం తక్కువ. అపార్ట్‌మెంట్‌లో పక్కింటి వైఫైలన్నీ అదే దారిలో ఉంటాయి కాబట్టి రద్దీ ఎక్కువ. డ్యూయల్ బ్యాండ్ అయితే 5 గిగాహెర్ట్జ్ కూడా ఉంటుంది. ఇది వేగంగా ఉంటుంది, కానీ గోడలు దాటే శక్తి తక్కువ. రెండోది, లాన్ పోర్టు. పాత పెట్టెల్లో పోర్టు వేగం 100 ఎంబీపీఎస్ వరకే. మీరు 200 ప్లాన్ తీసుకున్నా ఆ పోర్టు గుండా 95 దాటి రాదు. 100 దాటిన ప్లాన్‌కు గిగాబిట్ పోర్టు, కనీసం క్యాట్ 5ఈ కేబుల్ ఉండాలి.

లైట్లు ఏం చెబుతున్నాయి?

నెట్ పోయిందని పిల్లవాడు చెప్పగానే కోప్పడకుండా, ఇద్దరూ కలిసి పెట్టె ముందు నిలబడండి. పేర్లలో కొద్ది తేడాలున్నా చాలా పెట్టెల్లో లైట్ల అర్థం ఇదే.

- పవర్ లైటు లేకపోతే: అడాప్టర్ లేదా ప్లగ్ సమస్య.
- లాస్ అనే లైటు ఎర్రగా వెలుగుతుంటే లేదా మిణుకుతుంటే: ఇంటికి వెలుగు రావడం లేదు. తీగ తెగింది, నలిగింది, లేదా కనెక్టర్ వదులైంది. పెట్టెను పదిసార్లు ఆపి వేసినా లాభం లేదు. కనెక్టర్ గట్టిగా ఉందో లేదో చూసి, కంప్లయింట్ ఇవ్వండి.
- పాన్ లైటు ఆగకుండా మిణుకుతుంటే: వెలుగు వస్తోంది కానీ పెట్టె కంపెనీలో నమోదు కావడం లేదు. ఇది కూడా కంపెనీ పనే.
- పాన్ స్థిరంగా ఉండి ఇంటర్నెట్ లైటు లేకపోతే లేదా ఎర్రగా ఉంటే: లాగిన్, బిల్లు గడువు, లేదా కంపెనీ సర్వర్ సమస్య.
- అన్నీ సరిగా ఉండి ఒక్క గదిలో మాత్రమే నెట్ రాకపోతే: అది వైఫై సమస్య, ప్లాన్ సమస్య కాదు.

"లాస్ లైటు ఎర్రగా ఉంది" అని చెప్పి కంప్లయింట్ ఇస్తే టెక్నీషియన్‌కు కూడా సగం పని తగ్గుతుంది. ఆయన పవర్ మీటర్ పెట్టి వెలుగు ఎంత వస్తోందో చూస్తారు. ఆ అంకె అడిగి రాసుకోండి. సాధారణంగా మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ 27కు దగ్గరగా ఉంటే వెలుగు బలహీనమని అర్థం. ప్రతి 3 డీబీ తగ్గుదలకూ వెలుగు సగం అవుతుంది. పై తరగతుల పిల్లలకు లాగరిథమ్స్ ఎక్కడ పనికొస్తాయో చూపించడానికి ఇది మంచి ఉదాహరణ.

అసలు మన ఇంటికి ఎంత వేగం కావాలి?

ఒక ఆన్‌లైన్ క్లాసు మంచి నాణ్యతతో చూడటానికి 4 ఎంబీపీఎస్ చాలు. టీవీలో హెచ్‌డీ సినిమాకు 5, ఫోర్‌కే వీడియోకు 15 నుంచి 25 లెక్క వేసుకోండి. ఇద్దరు పిల్లల క్లాసులు 8, టీవీలో ఫోర్‌కే సినిమా 25, ఇంట్లో ఒకరి ఆఫీసు కాల్ 4, ఫోన్లకు ఇంకో 5. అన్నీ ఒకేసారి నడిచినా 42. అంటే 50 ఎంబీపీఎస్ ప్లాన్ నిజంగా టేబుల్ దాకా అందితే ఇలాంటి ఇంటికి సరిపోతుంది.

ఇంకో చిన్న గందరగోళం ఉంది. ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు, ఫైల్ సైజు చూపేది మెగాబైట్లు. ఒక బైటుకు 8 బిట్లు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు. 500 మెగాబైట్ల పాఠం వీడియో దిగడానికి 40 సెకన్లు పడుతుంది. పిల్లలు ఐదు నిమిషాలు పడుతోందంటే ఎక్కడో లోపం ఉన్నట్టే.

ఈ నెల ఇంటి ప్రాజెక్టు: మూడు కొలతలు

6వ తరగతి నుంచి పిల్లలు ఎవరైనా చేయగలరు. ఇంట్లో మిగతావారంతా పది నిమిషాలు నెట్ వాడకుండా ఉండాలి. ఏదైనా స్పీడ్ టెస్ట్ యాప్‌తో డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ రాసుకోవాలి. ఉదయం ఒకసారి, రాత్రి 8–9 మధ్య ఒకసారి చేయాలి.

మొదటి కొలత: లాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి.
రెండో కొలత: రౌటర్‌కు రెండు మీటర్ల దూరంలో, వైఫై మీద.
మూడో కొలత: పిల్లలు చదువుకునే టేబుల్ దగ్గర, వైఫై మీద.

ఇప్పుడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి కొలతే ప్లాన్ కంటే బాగా తక్కువగా ఉంటే, ముందు కేబుల్, పోర్టు 100 రకమేమో చూడండి. అవి బాగుంటే లోపం కంపెనీ వైపుది. ఉదయం బాగుండి రాత్రి మాత్రమే పడిపోతుంటే మీ లైన్ మీద రద్దీ ఎక్కువన్నమాట. రెండు సందర్భాల్లోనూ కంప్లయింట్ ఇచ్చి నంబర్ తీసుకోండి. పరిష్కారం కాకపోతే ఆ నంబర్‌తో అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు.

మొదటిది బాగుండి రెండోది పడిపోతే లోపం రౌటర్‌లో ఉంది, లేదా ఫోన్ 2.4 మీద కలిసి ఉంది. 5 మీదకు మార్చి మళ్లీ కొలవండి. మొదటి రెండూ బాగుండి మూడోది మాత్రమే పడిపోతే, మధ్యలో ఉన్న గోడలూ దూరమూ కారణం. ఈ మూడో సందర్భంలో ప్లాన్ ఎంత పెంచినా టేబుల్ దగ్గర మార్పు రాదు.

దానికి మందు రౌటర్ చోటు మార్చడం. మన ఇళ్లలో రౌటర్‌ను వీధి తలుపు పైన, టీవీ వెనక, షోకేసు లోపల పెడతారు, ఎందుకంటే తీగ అక్కడిదాకానే వచ్చింది. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తులో, ఓపెన్‌గా ఉండేలా పెట్టండి. ఇనుప బీరువా, ఫ్రిజ్, అద్దం, నీళ్ల ట్యాంకు సిగ్నల్‌కు అడ్డం. మేడ మీద గది ఉంటే స్లాబు దాటి 5 గిగాహెర్ట్జ్ సరిగా పోదు. పైకి ఒక లాన్ కేబుల్ లాగి అక్కడ రెండో రౌటర్ పెట్టడమే మేలైన పద్ధతి. చవకగా దొరికే రిపీటర్లు చాలావరకు ఒకే బ్యాండ్‌లో తీసుకుని అందులోనే తిరిగి ఇస్తాయి, అందుకే వేగం దాదాపు సగమవుతుంది.

కరెంటు పోయినప్పుడు

పరీక్ష ఫారాల చివరి తేదీ, ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, ఆన్‌లైన్ మాక్ టెస్టు. కరెంటు పోతే ఇబ్బంది పడేది ఇలాంటి రోజుల్లోనే. ఫైబర్ నేరుగా ఇంట్లోకి వచ్చి, దారిలో స్ప్లిటర్లు మాత్రమే ఉంటే, దారి పొడవునా కరెంటుతో పని లేదు. ఓఎల్‌టీ దగ్గర బ్యాకప్ ఉండి, మీ ఓఎన్‌టీ, రౌటర్ రెండింటికీ కరెంటు అందితే నెట్ నడుస్తూనే ఉంటుంది. ఇన్వర్టర్ ఉన్నవారు రౌటర్ పెట్టిన ప్లగ్‌కు ఇన్వర్టర్ లైన్ ఉందో లేదో చూసుకోండి. లేనివారికి రౌటర్ల కోసం మినీ యూపీఎస్‌లు దొరుకుతాయి. కొనేముందు అడాప్టర్ మీద రాసిన వోల్టేజీ చూడండి. ఎక్కువ పెట్టెలు 12 వోల్టులు, కొన్ని 9 వోల్టులు. తప్పు వోల్టేజీ ఇస్తే పెట్టె కాలిపోవచ్చు. ఓఎన్‌టీ, రౌటర్ వేరువేరుగా ఉంటే రెండింటికీ సరిపోయేది తీసుకోండి.

సెల్లార్ నుంచి లాన్ కేబుల్ వచ్చే ఫ్లాట్లలో మాత్రం సెల్లార్ స్విచ్‌కు కూడా బ్యాకప్ ఉండాలి. దాన్ని జనరేటర్ లైన్ మీద పెట్టించమని అసోసియేషన్‌ను అడగండి.

ఉరుములు మెరుపుల వేళ పెట్టె అడాప్టర్ ప్లగ్ తీసేయండి. గాజులో కరెంటు పారదు, కానీ కరెంటు లైన్ ద్వారా, లాన్ కేబుల్ ద్వారా దెబ్బ తగలవచ్చు. కొన్ని ఫైబర్ కేబుళ్లలో పట్టు కోసం స్టీలు తీగ కూడా ఉంటుంది.

కొత్త కనెక్షన్ తీసుకునేవారు అడగాల్సినవి

1. ఫైబర్ ఫ్లాట్ లోపలికి వస్తుందా, సెల్లార్ వరకేనా?
2. పెట్టె డ్యూయల్ బ్యాండేనా? పోర్టు గిగాబిటేనా?
3. పెట్టె మాదేనా, కనెక్షన్ వదిలేస్తే తిరిగి ఇవ్వాలా? డిపాజిట్ ఎంత, ఎప్పుడు తిరిగి వస్తుంది?
4. అప్‌లోడ్ వేగం ఎంత? హోంవర్క్ వీడియోలకు ఇదే ముఖ్యం.
5. అన్‌లిమిటెడ్ అంటే ఎన్ని జీబీల తరువాత వేగం తగ్గిస్తారు?
6. జీఎస్‌టీతో కలిపి మొత్తం ఎంత?
7. తీగ ఇంటి మధ్య వరకు లాగుతారా? అదనపు తీగకు డబ్బు తీసుకుంటారా?

ఏడో ప్రశ్న టెక్నీషియన్ డ్రిల్లు తీసే ముందే అడగండి.

పాస్‌వర్డు విషయం

రౌటర్‌కు రెండు పాస్‌వర్డులు ఉంటాయి. ఒకటి వైఫైది, రెండోది రౌటర్ సెట్టింగులది. రెండోదాన్ని చాలా ఇళ్లలో ఎప్పుడూ మార్చరు, పెట్టె వెనక స్టిక్కర్ మీద ఉన్నదే ఉంటుంది. దాన్ని మార్చి, మీ దగ్గరే ఉంచుకోండి. చాలా రౌటర్లలో ఏ ఫోన్‌కు ఎన్ని గంటల వరకు నెట్ ఇవ్వాలో పెట్టే సౌకర్యం ఉంది. రాత్రి 10 తరువాత పిల్లల ఫోన్‌కు ఆపేయవచ్చు. అయితే ఫోన్‌లో సిమ్ డేటా ఉంటే రౌటర్ దాన్ని ఆపలేదు. అందుకే ముందు పిల్లలతో కూర్చుని సమయం మాట్లాడుకుని, తరువాత సెట్టింగ్ పెట్టండి. వచ్చిపోయే బంధువులకు గెస్ట్ నెట్‌వర్క్ ఇస్తే మీ అసలు పాస్‌వర్డు ఊరంతా తెలియదు.

మూడు కొలతల పట్టికను పిల్లలు తమ సైన్స్ నోట్‌బుక్ చివరి పేజీలో రాసి, తేదీ వేసి, మీ సంతకంతో తీసుకురావచ్చు. రౌటర్ చోటు మార్చాక వచ్చిన కొత్త అంకెలు కూడా పక్కన రాయమనండి. ఏ ఇంట్లో ఎంత మారిందో క్లాసులో గ్రాఫ్ గీయిస్తాం. ఇకపై "నెట్ రాలేదు" అని చెప్పే పిల్లల్ని మేము ఒక్కటే అడుగుతాం: "ఏ లైటు వెలిగింది?" మీరూ ఇంట్లో అదే అడగండి. జవాబు చెప్పగలిగిన పిల్లవాడి మాట నమ్మవచ్చు.